పది నిమిషాల బోర్డు

పొడుగు కర్ర చీపురుతో ఇసుకను బాట మీంచి పక్కకు నెడుతున్నాడు, కుడికాలు కొంచెం ఈడ్చుకుంటూ. గాలి తెచ్చి పోయడం, ఇతను ఊడ్చి పారేయడం. ఇరవై రెండేళ్లుగా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. నడకకు వచ్చేవాళ్ళంతా అతన్ని బాటబాబాయ్ అంటారు.

బాట ఏమంత పొడుగు కాదు. ఒక పక్క ఏరు, ఇంకో పక్క వెదురు కంచె, మూడు బల్లలు, ఒక చెక్కవంతెన. వంతెన దాటితే ఇసుక, సముద్రం. బాట మొదట్లో నీలం బోర్డు: ‘సముద్రానికి నడక పది నిమిషాలు’. ఆ తెల్లక్షరాలు అతనివే. అయిదో తరగతిలో బడి మానేశాక నలుగురూ చదివేలా అతను రాసింది అదొక్కటే. రాసేముందు గడియారం చూసుకుని మరీ నడిచాడు. తన కాలి సంగతి మాత్రం మరిచిపోయాడు.

ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు. సూపర్‌వైజరు పొద్దున్నే తెల్లరంగు డబ్బా, బ్రష్షు తెచ్చి బోర్డు కింద పెట్టాడు.

"బాబాయ్, పై ఆఫీసు నుంచి వచ్చి నడిచి చూశారు. ఆరు నిమిషాలేనట. వెళ్ళేలోగా ఆ పది చెరిపేసి ఆరు రాసెయ్."

"ఎవరు నడిచింది?"

"కొత్త ఇంజనీరు."

"వెనకాల కుక్కేమైనా తరిమిందేమో కనుక్కున్నావా?"

"నీతో మాట్లాడితే తెల్లారినట్టే! అయిదింటికి వచ్చి చూస్తా."

బాబాయ్ నవ్వాడు గానీ, ఆ డబ్బా పక్కనుంచి పోయినప్పుడల్లా మొహం తిప్పుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆఫీసు అతని పనిని పట్టించుకోవడం ఇదే మొదలు. అదీ తప్పు పట్టడానికి. వంతెన మీద లేచిన మేకు దిగ్గొట్టాడు. కారుతున్న కుళాయి బిగించాడు. డబ్బా మూత మాత్రం తియ్యలేదు.

నాలుగింటికి భార్య వచ్చింది. కుట్టుమిషను వదిలి ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇటు రాలేదు.

"ఇదేనా నీ బోర్డు? అక్షరాలు నీకంటే తిన్నగా నిలబడ్డాయే!"

ఇద్దరూ నడిచారు. మొదటి బల్ల మీద ఆమె ఊరికే కూర్చుంది. కంచె మీద వాలిన లకుముకిపిట్ట చేపను పట్టేదాకా కదల్లేదు. అయిదింటికి సూపర్‌వైజరు మూత తియ్యని డబ్బా చూసి విసవిసా వచ్చి, వంతెన దగ్గర వాళ్ళను అందుకున్నాడు.

"బాబాయ్, ఏంటిది..."

"ష్! పీత బయటికొస్తోంది బాబూ," అంది ఆమె.

ముగ్గురూ వంగి చూశారు. పీత తీరిగ్గా వచ్చింది. ఆ తర్వాత ఎప్పటికో అలలు పాదాలకు తగిలాయి.

"ఎంతసేపైందయ్యా?" అంది ఆమె మొగుడితో.

బాబాయ్ గడియారం చూశాడు. "గంటా పది నిమిషాలు."

"మరి పదని రాసి జనాన్ని మోసం చేస్తావా?"

సూపర్‌వైజరు నవ్వు ఆపుకోలేకపోయాడు. తడిసిన ప్యాంటు మడుచుకుంటూ చెయ్యి చాచాడు. "సామాన్ల గది తాళాలు ఇటిచ్చి ఇంటికెళ్ళు బాబాయ్. డబ్బా సంగతి తర్వాత చూద్దాం."

తాళాలిచ్చాడు. చీపురు గదిలో నిలబెట్టాడు. భార్య అతని అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. బోర్డు దాటేటప్పుడు అతను వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున బోర్డు మీద పది అలాగే ఉంది. కింద రంగు డబ్బా, దాని బిగిసిన మూత మీద సన్నటి ఇసుక పొర.