దుప్పటి కింద చెయ్యి

"ఆ చేతులన్నీ శనివారం లోపల చెరిపెయ్యి గ్రేసూ," అన్నారు మా ఆయన శ్యాంబాబు, నేను గ్రైండర్లో పప్పు వేస్తుండగా. రాత్రికి అట్లు, పొద్దున్నకి ఇడ్లీలు, మధ్యలో చేతులు. ఏ పనైనా ఆయన నోట్లోంచి వచ్చేటప్పుడు చిన్నదిగానే ఉంటుంది.

ఆ చేతులు ఫొటోల్లోవి. ఆయన ముత్తాత యెహెజ్కేలు గారు నూటపాతికేళ్ళ కిందట దొరల దగ్గర పని నేర్చుకుని రాజమండ్రిలో స్టూడియో పెట్టిన మనిషి. జమీందార్లు, పాదిరీలు, వకీళ్ళు, ఆయన ముందు కూర్చోని పెద్దమనిషి లేడట. ఆయన తీసిన ఫొటోల గాజు నెగెటివ్ ప్లేట్లు అటక మీద పెట్టెలో దొరికాయి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో ప్రదర్శన. మెయిన్‌రోడ్డులో కలర్ ల్యాబు వచ్చాక మా స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటోలు తప్ప ఏమీ రావడం లేదు. ముత్తాత పేరు చెప్పుకునైనా నిలబడాలని మా ఆయన ఆశ. ఆ ఆశ నాకూ ఉంది. ప్లేట్లు తుడిచిందీ, ప్రింట్లు వేసిందీ నేనే. ప్రింట్ల మీద అక్కర్లేనివి బ్రష్షుతో కప్పేసే టచింగ్ కూడా పెళ్ళయిన ఏడాది నుంచీ నా పనే. "మా ఆవిడ సరదాగా బ్రష్షు పట్టుకుంటుందండి" అని చెప్తారు వచ్చినవాళ్ళకి. ఆ సరదాకే నా మెడ పట్టేసింది, కళ్ళజోడొచ్చింది.

ఆ కాలంలో ఫొటోకి చాలాసేపు కదలకూడదు. పసిపిల్లలు అలా ఉంటారా? అందుకని ఒక ఆడమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తల మీంచి దుప్పటి కప్పి, ఒళ్ళో బిడ్డని పెట్టేవారు. మనిషి కూడా కుర్చీలాగే కనపడేది. ప్రింట్లు వరసగా ఆరేస్తుంటే చూశాను. పిల్లలు వేరు, గౌన్లు వేరు. దుప్పటిలోంచి వచ్చి బిడ్డ నడుం పట్టుకున్న చెయ్యి మాత్రం అన్నిట్లోనూ ఒకటే. చిటికెనవేలు వంకర. ఒక ఫొటోలో ఆ వేళ్ళు బాగా ఉబ్బి ఉన్నాయి. నిండు నెలల్లో నా వేళ్ళూ అలాగే ఉబ్బాయి. తన బిడ్డని కడుపులో పెట్టుకుని, ఎవరి బిడ్డనో ఒళ్ళో పెట్టుకుని, దుప్పటి కింద ఊపిరాడక కూర్చుందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ చెయ్యి ఎవరిదని అత్తయ్య సంపూర్ణమ్మగారిని అడిగాను. గోషా ఇళ్ళ తల్లులు బయటికి రారు, దాసీలేమో కెమెరా చూసి వణికిపోయేవారట. "అందుకని ఆయన భార్యే కూర్చునేదంటమ్మా," అన్నారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. ఆవిడ పేరేంటండీ అన్నాను. యెహెజ్కేలు గారి గుర్రం పేరు, కుక్క పేరు కూడా చెప్పగలరు మా అత్తయ్య. ఆ పేరు మాత్రం రాలేదు. మా ఆయనకీ తెలియదు.

శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చి ప్రింట్లు చూసి, ఇంకా మొదలుపెట్టలేదా అన్నారు.

"చెయ్యి తీసేస్తే బిడ్డ పడిపోతుందండి," అన్నాను.

ఆయన నవ్వారు. "ఫొటోలో పడిపోవడమేంటి? జనం వచ్చేది మా ముత్తాత పనితనం చూడ్డానికి. ఎవరి వేళ్ళో చూడ్డానికా? ఫ్రేములు కట్టే అబ్బులు సాయంత్రం వస్తాడు, కానియ్యి."

ఆయన హాల్లో కుర్చీలు వేయించడానికి వెళ్ళిపోయారు. ఏడుపొచ్చింది. కాదని ఎక్కడికి పోతాను? ఈ ఇల్లు ఆయనది, స్టూడియో ఆయనది, రేపు ఆయన మొహం మాడ్చుకుంటే అన్నం పెట్టేదీ నేనే. బ్రష్షు తడిపాను. ఆ వంకర వేలి మీద గౌను రంగు వెయ్యబోయి ఆగిపోయాను. నేను కూడా చెరిపేస్తే ఆవిడ ఇంకెక్కడా ఉండదు.

బ్రష్షు కడిగేశాను. ఫొటోల కింద పెట్టే చీటీలు రాయడమూ నా పనే కాబట్టి, అన్నిటి మీదా గుండ్రటి అక్షరాలతో ఒకటే మాట రాశాను: "తీసినవారు యెహెజ్కేలు. బిడ్డని పట్టుకున్నది ఆయన భార్య. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు." అబ్బులు వచ్చాక, చీటీలు అద్దం లోపలే బిగించి, ఫ్రేములు మళ్ళీ ఇంటికి తేకుండా, పొద్దున ఆరాధన జరుగుతుండగా తిన్నగా హాల్లో తగిలించెయ్యమన్నాను.

రేపు సంఘమంతా చదువుతుంది. మా ఆయన కూడా అప్పుడే చదువుతారు.