లేవమని నేనెప్పుడూ అనలేదు

నేను ఒక తోలు బెల్టును. అలాగని ఆఫీసు బాబుల ప్యాంటు జారకుండా పట్టుకుని మిలమిల మెరిసే ఆ సన్నపాటి జాతిలో నన్ను కలపకండి, నాకు ఒళ్ళు మండుతుంది. నేను బెల్లంపల్లిలో బొగ్గుబావి దిగిన బెల్టును. టోపీ లైటుకు కరెంటిచ్చే బ్యాటరీని ఏళ్ళ తరబడి మోసినదాన్ని. దళసరి బర్రె తోలు, రెండు వరసల కుట్టు, అరచేతిలో నిండుగా పట్టే ఇత్తడి బకల్. నన్ను కుట్టినవాడు బజారులో చెప్పులు కుట్టే మొగిలయ్య. చేయించుకున్నవాడు రాజలింగు.

రాజలింగు బావిలోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. మనుషుల సంగతి ఒకటి నాకు అక్కడే తెలిసింది. ఒంట్లో బాగుందో లేదో తేల్చుకోవడానికి వాళ్ళకు డాక్టరు అక్కర్లేదు, బెల్టు చాలు. జ్వరంతో ఒళ్ళు పేలిపోతున్నా సరే, "బెల్టు పెట్టిన్నంటే ఏ రోగం లేనట్టే" అని నవ్వుకుంటూ దిగిపోయేవాడు రాజలింగు. తోటివాళ్ళందరిదీ అదే మాట. నాలుగు వేళ్ళ వెడల్పు తోలు మీద అంత నమ్మకమేమిటో! నడుము పట్టుకోవడమే నా పని నాయనా, లోపల ఏముందో నాకేం తెలుసు అని చెప్పేదాన్ని. అడిగితే కదా.

పొద్దున్నే మేకు మీంచి నన్ను తీయగానే బకల్ ఖణేల్మనేది. ఆ చప్పుడుకు ఇంట్లో ఇద్దరు లేచేవారు. ఒకరు అతని భార్య లసుమక్క, టిఫిన్ గిన్నె సర్దడానికి. రెండోది చుక్కి. నుదుట తెల్లమచ్చ ఉన్న నల్ల ఆడకుక్క. పిల్లగా ఉన్నప్పుడు వానకు తడిసి వచ్చి వీళ్ళ క్వార్టర్ మెట్ల కింద దూరింది, ఇక ఇల్లు నాదే అన్నట్టు ఉండిపోయింది. రాజలింగు వెంట బావి గేటు దాకా నడవడం, డ్యూటీ దిగే సైరన్ కూయగానే మళ్ళీ పోయి అక్కడ కూర్చోవడం, ఇదీ దాని ఉద్యోగం. జీతం లేదు, నాగా లేదు.

పిల్లలు లేని ఇల్లది. లసుమక్క కడుపులో ఏదో రోగం ముదిరి చనిపోయింది. మంచాన పడ్డాక ఎన్నాళ్ళో లేదు. తర్వాత రాజలింగు రిటైరయ్యాడు. "ఇగ నాకెందుకిది" అని నన్ను మొగిలయ్య దగ్గరికి తీసుకుపోయి, సగానికి కోయించి, చుక్కి మెడకు పట్టీ చేయించాడు. కోస్తుంటే నాకెలా ఉందో ఎవరూ అడగలేదనుకోండి. మనిషి నడుము మీద బతికినదాన్ని కుక్క మెడకు దిగజారానని కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాను. కానీ ఉన్నమాట చెప్పాలి, ఆ మెడ వెచ్చదనం ఏ నడుముకూ లేదు.

రాత్రి నన్ను విప్పి మేకుకు తగిలించేవాడు. పొద్దున తీయగానే ఖణేల్. చుక్కి లేచి నిలబడేది. ఇద్దరూ పాత అలవాటు కొద్దీ బావి గేటు దాకా పోయి, లోపలికి పోయేవాళ్ళను కాసేపు చూసి, ఏ పనీ లేనివాళ్ళలా వెనక్కి వచ్చేవారు. రోజంతా ఆ ఇంట్లో మాట్లాడే గొంతు ఒక్కటే. "పప్పుల ఉప్పెక్కువైందా బిడ్డా?" అని అడిగేవాడు. అది తోకాడించేది. "అయినా తిను" అనేవాడు. పండగొచ్చినా పబ్బమొచ్చినా ఆ తలుపు తట్టేది పక్కింటి కనకమ్మ ఒక్కతే.

చుక్కి ముసలిదైంది. ఉన్నట్టుండి నీళ్ళు తెగ తాగడం మొదలుపెట్టింది, తిన్నది తిన్నట్టు కక్కేది. అది చిక్కిపోతోందని ముందు తెలిసింది నాకే. బకల్ దాటి వేలాడే నా కొస రోజురోజుకూ పొడుగవుతోంది. రాజలింగు దాన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు వినీల అనే చిన్నపిల్ల. రక్తం పరీక్ష చేయించి, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"తాతా, కిడ్నీలు పూర్తిగా పోయినయి. మందులిస్తే వాంతులు కొంచెం తగ్గుతయి గని, ఇది బాగయ్యేది కాదు. నొప్పి తెల్వకుంట నిద్రపుచ్చే ఇంజక్షన్ ఉంటది. ఎప్పుడనేది మాత్రం మీరే చెప్పాలె. దాంతోని ఉండేటోళ్ళు మీరు."

"సంపుడే గదమ్మా అది?"

ఆ పిల్ల కాదనలేదు. "తిండి మానేసి, లేవలేకపోతే ఫోన్ చెయ్యండి. నేనే ఇంటికొస్త" అంది.

ఇంకేముంది, లేవడం అన్న ఆ ఒక్క ముక్కను పట్టుకున్నాడు మా రాజలింగు. తిండి సంగతి చెవికెక్కలేదు. ఇక ప్రతి పొద్దునా అదే పరీక్ష. నన్ను మేకు మీంచి తీయడం, ఖణేల్మనిపించడం, అది లేస్తుందో లేదోనని ఊపిరి బిగబట్టి చూడడం. అది లేచేది. లేవగానే నన్ను దాని మెడకు కట్టి, గోడ దగ్గరికి పోయి కనకమ్మను కేకేసేవాడు.

"సూడు చెల్లే, లేచింది! లేచినదాన్ని ఎట్ల సంపియ్యాలె?"

"లేస్తున్నది గని అన్నా, ఒక్కపారి దాని కండ్లు సూడు."

"కండ్లకేమైంది? బెల్టు పెట్టిచ్చుకుంటున్నది!"

నా పేరు చెప్పి ఎంత అబద్ధం ఆడుతున్నాడీ మనిషి! దాని మెడను చుట్టుకుని ఉన్నదాన్ని, నాకు తెలుసు. ముందుకాళ్ళు లేచేవి, వెనకకాళ్ళు లేవనంటే వాటిని ఈడ్చుకునేది, గొంతులో మూలుగు పైకి రాకుండా మింగేసేది. ఆ మింగడం నా తోలుకు తగిలేది. వీధి మలుపు కూడా దాటకుండానే కూలబడేది. రాజలింగు ఎత్తుకుని తెచ్చి పడుకోబెట్టి, "ఇయ్యాల ఎండెక్కువున్నది" అనేవాడు.

నేను దాని మెడలోంచి జారిపోతుంటే, ఒకనాటి సాయంత్రం ఇంకో బెజ్జం పొడిపిద్దామని నన్ను మొగిలయ్య దగ్గర ఇచ్చి వచ్చాడు. మర్నాడు పొద్దున ఏం జరిగిందో నేను చూడలేదు, తర్వాత కనకమ్మతో చెబుతుంటే విన్నాను. మేకు ఖాళీగా ఉండేసరికి వట్టి చేతులతో దాని దగ్గరికి పోయాడట. చుక్కి లేవలేదట. తోక కొస ఒక్కటి ఆడించి, గడ్డం అతని పాదం మీద పెట్టి, హాయిగా మళ్ళీ కళ్ళు మూసుకుందట. రాజలింగు అయిపోయిందేమోనని భయపడి, చెప్పులు కూడా వేసుకోకుండా నా కోసం బజారుకు పరుగెత్తాడు. పిచ్చి మారాజు, నేనొస్తే అది బాగైపోతుందనుకున్నాడు కాబోలు.

నన్ను తీసుకుని తలుపు తోశాడు. బకల్ మోగింది. నిద్రలో ఉన్న చుక్కి ఉలిక్కిపడి లేవబోయింది. వెనకకాళ్ళు జారాయి. ఉన్నచోటే పాస్ పోసుకుంది, అందులోనే పడింది. పడి, మళ్ళీ లేవబోయింది. రాజలింగు చేతిలో ఉన్న నన్నూ, తెరిచి ఉన్న తలుపునూ మార్చి మార్చి చూస్తోంది. పద, ఆలస్యమవుతోంది అన్నట్టే ఉంది ఆ చూపు.

"పండుకో బిడ్డా, పండుకో" అన్నాడు రాజలింగు. అది వినలేదు. అతను నన్ను తొడ కింద దాచుకుని నేల మీద చతికిలబడ్డాకే అది ఒళ్ళు వదిలేసింది. అలా ఎంతసేపు కూర్చున్నాడో. తర్వాత లేచి, తడిబట్టతో దాని ఒళ్ళంతా తుడిచి, గోడ దగ్గరికి నడిచాడు. ఆ రోజు కేక లేదు. కనకమ్మే చూసి దగ్గరికి వచ్చింది.

"అది బాగుండి లేస్తలేదు చెల్లే. నేను లేపుతున్ననని లేస్తున్నది" అన్నాడు. "మా లసుమక్క గూడ గిట్లనే లేచింది. గిన్నె సదురుతున్నది గదా, బాగనే ఉన్నదనుకున్న."

"ఆయమ్మ నోరుండి చెప్పలేదు. దీనికి నోరే లేదు. దీని తరఫున నువ్వే చెప్పాలె అన్నా."

"పాపం గాదా?"

"పాపమైతే నువ్వు మొయ్యి. దానితోని మోపియ్యకు" అంది కనకమ్మ.

రాజలింగు అక్కడే గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ముఖం కడుక్కుని డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. మర్నాడు మధ్యాహ్నం వస్తానందామె.

ఆ మధ్యాహ్నం నన్ను తెచ్చి కనకమ్మ చేతిలో పెట్టాడు. "ఇది ఇంట్ల ఉంటే అది మళ్ల లేస్తది. నీ తాన ఉంచు." ఆమె నన్ను బియ్యం డబ్బాలో, బియ్యం లోపలికంటా దోపి మూత పెట్టింది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్నేళ్ళు దాని మెడను అంటిపెట్టుకుని ఉన్నదాన్ని, ఈ పూట నేను ఉండకూడదా? కానీ ఆలోచిస్తే అతని మాటే నిజం. లేవమని నేనెప్పుడూ అనలేదు. అయినా నా చప్పుడు వింటే అది లేస్తుంది. ఆ చీకట్లో కదలకుండా ఉన్నాను.

క్వార్టర్ గోడలు పలచన. స్కూటీ వచ్చి ఆగింది. డాక్టరమ్మ ఏదో మెల్లగా చెప్పింది. ఆ తర్వాత వినిపించిందంతా రాజలింగు గొంతే.

"లేవకు బిడ్డా, లేవకు. ఇయ్యాల డూటీ లేదు. నేను గూడ ఎటూ పోతలేను. ఈడ్నే ఉన్న సూడు. పండుకో."

అదే మాట అంటూనే ఉన్నాడు. "ఇగ అయిపోయింది తాతా, దానికి నొప్పి లేదు" అని డాక్టరమ్మ చెప్పాక కూడా, "పండుకో బిడ్డా" అనడం ఆపలేదు. నాకు ఏడుపొచ్చింది. తోలుముక్కకు ఏడుపేమిటని నవ్వుతారేమో, నవ్వుకోండి. వచ్చింది.

ఇంటి వెనక బొప్పాయి చెట్టు పక్కన పాతిపెట్టారు. కనకమ్మ అన్నం పెట్టి పంపితే ముట్టలేదు. మర్నాడు పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బెల్టియ్యి చెల్లే."

"ఈడనే ఉండనియ్యరాదన్నా. చూస్తే ఇంకింత కష్టమైతది."

"ఇయ్యి."

ఆమె నన్ను బియ్యంలోంచి లాగి, కొంగుతో తుడిచి ఇచ్చింది. రాజలింగు నన్ను అందుకుంటూనే బకల్‌ను పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. అలాగే నడిచి, రెండో చేత్తో తలుపు నెమ్మదిగా తోసి, పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి పోయాడు. మూలన చుక్కి పడుకునే గోనెపట్టా ఖాళీగా ఉంది. ఆ ఇంట్లో లేచేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అతను పిడికిలి విప్పలేదు.