నానమ్మ వరసలో ఖాళీ గళ్ళు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా అజాగ్రత్త వల్ల మా ఇంట్లో ఎవరి నోరైనా పాడైపోతుందేమోనని. దొంగల భయం నాకు లేదు, ఎత్తుకుపోవడానికి ఏమీ లేదు కాబట్టి. నోళ్ళు మాత్రం నాలుగున్నాయి. వాటిలో నేను కాపలా కాసింది ఒక్కదానికే, ఆరేళ్ళ మా పాప చిట్టెలుక నోటికి.

ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని. అచ్చులో ఏది కనబడినా నాకు వేదవాక్కే. పేస్టు డబ్బా మీద ‘బఠాణీ గింజంత వాడండి’ అని ఉంటే, నిజంగానే ఒక బఠాణీ గింజ పక్కన పెట్టుకుని కొలిచేదాన్ని.

అలాంటి నా చేతికి బడివాళ్ళు ఒక చార్టు ఇచ్చారు. రోజుకు రెండు గళ్ళు, పళ్ళు తోమిన ప్రతిసారీ ఒక నక్షత్రం అంటించాలి. నెలంతా నిండితే బహుమతి ఒక చాక్లెట్ల డబ్బా.

“పళ్ళు తోమినందుకు చాక్లెట్లేంటి టీచరుగారూ?” అన్నాను.

“పిల్లలకి ఉత్సాహం ఉండాలి కదండీ,” అందావిడ. అంత చదువుకున్న మనిషితో నేనేం వాదిస్తాను?

చార్టును వంటగది తలుపుకు అంటించాను. చిట్టెలుక తన వరస కింద పెన్సిలుతో ఇంకో వరస గీసింది. అది నానమ్మది. మా అత్తయ్యకు రెండేళ్ళ కిందట పళ్ళన్నీ తీసేసి, కట్టుడు పళ్ళ సెట్టు ఇచ్చారు. సాయంత్రం ఆవిడ సెట్టు తీసి ఇస్తే, మనవరాలు దాన్ని చిన్న బ్రష్షుతో తోమి గిన్నెలో నీళ్ళు పోసి పెట్టేది, నానమ్మకూ ఒక నక్షత్రం అంటించేది.

ఒకరోజు ఆ గిన్నె ముందు కూర్చుని, “అమ్మా, నా పళ్ళు కూడా ఊడదీసి ఇందులో వేసెయ్యి. నువ్వు తోముకో, నేను ఆడుకుంటా,” అంది.

ఇరవై పళ్ళ మీద నేను పడిన శ్రమంతా ఆ గిన్నెలో మునిగిపోతున్నట్టు అనిపించింది.

“అత్తయ్యా, దాని ముందు ఇక పళ్ళు తీయకండి. దానికి అలుసైపోతోంది.”

“సరేలేమ్మా, పెట్టుకునే ఉంటాను. అదేమైనా మూటా, మోయలేకపోవడానికి?”

అక్కడితో ఆ సంగతి తేలిపోయిందనుకున్నాను. చిట్టెలుక తినేది నానమ్మతో, చదువుకునేది నానమ్మ దగ్గర, పడుకునేది నానమ్మ పక్కన. దాని ముందు కాని చోటంటూ ఆవిడకు స్నానాల గది ఒక్కటే. అక్కడా తలుపు బాదుతూ నిలబడేది అదే.

ఆ రోజు నుంచి నానమ్మ వరసలో నక్షత్రాలు ఆగిపోయాయి. ఆ ఖాళీ గళ్ళు నేను రోజూ చూశాను. చూసి సంతోషించాను, నా మాటకు ఇంట్లో విలువుందని.

తరవాత అత్తయ్య జామకాయలు మానేశారు. బిస్కెట్లు మానేశారు. రొట్టె పాలల్లో నానబెట్టుకుని, అదీ సగమే తినేవారు. కింది వాటా ఆవిడ దగ్గర నేను గొప్పలు పోయాను.

“పిల్లకి ఆదర్శంగా ఉండాలని మా అత్తయ్య చిరుతిళ్ళన్నీ మానేశారండీ.”

“అదృష్టవంతురాలివి. మా అత్తగారైతే నేను వద్దంటే ఇంకో రెండు తింటుంది.”

మా ఆయన ఒకటి రెండుసార్లు అడిగారు. “అమ్మేంటే, అలా చిక్కిపోయింది?”

“చిక్కడం కాదు, ఆరోగ్యం,” అన్నాను.

నెలాఖరులో చిట్టెలుకను పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ నెలలో అది మూడోసారి. చెయ్యి పట్టుకోవడానికి అత్తయ్య కూడా వచ్చారు.

“మళ్ళీ వచ్చారా? ఈ పిల్ల పళ్ళు నాకు కంఠతా వచ్చేశాయమ్మా,” అంది డాక్టరమ్మ.

చిట్టెలుక పెదాలు బిగించింది. “ముందు నానమ్మ తెరవాలి.”

“నాదేముందే చూడ్డానికి, పాతబడ్డ కొంప!” అని అత్తయ్య లేవబోయారు.

డాక్టరమ్మ నవ్వుతూనే ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టింది. పై సెట్టు కదిలించగానే అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. సెట్టు కింద అంగిలంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. ఎడమ చిగురు మీద గోరంత పుండు.

“ఇది తీసి ఎన్నాళ్ళయిందమ్మా?”

“ఏదో, అలవాటు తప్పింది,” అని అత్తయ్య గోడ వైపు చూశారు.

“అమ్మే తీయొద్దంది,” అంది చిట్టెలుక. “ఇరవై రెండు రోజులు. నేను గళ్ళు లెక్కపెట్టా.”

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “పడుకునేటప్పుడు తీసేసి నీళ్ళలో ఉంచాలి. రోజూ కడగాలి. చిగుళ్ళు మెత్తటి తడిబట్టతో తుడవాలి. సెట్టుతో పాటు ఇచ్చిన కాగితంలో అన్నీ ఉన్నాయే, చదవలేదా?”

చదవలేదు. అచ్చులో ఉన్నదల్లా చదివే నేను, పెద్దవాళ్ళది కదా అని దాన్ని నాలుగు మడతలు పెట్టి, చిట్టెలుక బ్రష్షుల గ్లాసు ఊగకుండా కింద పెట్టాను.

“పుండు మానేదాకా సెట్టు పెట్టకండి. రెండు వారాల్లో మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి,” అంది.

బయటికి వచ్చాక, “నాకు చెప్పొచ్చుగా అత్తయ్యా,” అన్నాను.

“నీ భయం నీకుంది, మళ్ళీ నాదొకటెందుకు?” అన్నారు.

చిట్టెలుక చార్టు నిండింది, చాక్లెట్ల డబ్బా వచ్చింది. దాన్ని ఎక్కడ దాచాలా అని నేను గిలగిల్లాడుతుంటే అత్తయ్య బోసినోటితో నవ్వారు. “ఇలా తే. పుచ్చడానికి నాకు ఒక్క పన్నూ లేదు.” మెత్తటిదొకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ఎన్నాళ్ళకో ఆవిడ ఇష్టంగా తినడం చూశాను.

ఇవాళ తొమ్మిదో రోజు. పుండు సగం తగ్గింది. పూర్తిగా మానిందని డాక్టరమ్మ అనేదాకా నాకు ముద్ద దిగదు, ఇల్లు కదిలే వీలూ లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ నెల మధ్యలో ఒక సెలవు రోజు చిట్టెలుకను మా అమ్మ దగ్గర దింపినప్పుడు, ఆవిడకూ ఇదే ఆజ్ఞ వేసి వచ్చాను, పిల్ల వచ్చేశాక తీయొచ్చని చెప్పనేలేదు. అమ్మవీ కట్టుడు పళ్ళే. ఇప్పుడు ఫోనులో తీసెయ్యమంటే బాగానే ఉన్నానంటోంది గానీ మాట ముద్దగా వస్తోంది. మీరు మా పుట్టినూరి వైపు వెళ్తే, బస్టాండు వెనక వీధిలో గుమ్మం పక్కన కుట్టుమిషను కనబడే ఇల్లే అమ్మది. ఈమధ్య ఏమేం తినడం మానేసిందో అడగండి. బాగానే ఉన్నానంటే నమ్మకండి, నోరు తెరిపించి చూడండి. తీయమని కూతురే చెప్పిందనండి.