ఐదో గేరు తర్వాత

ఆరో గేరు వేయించుకున్నది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. అందుకే కాబోలు, ఆ తర్వాత జరిగినదానికి ఇంకొకరిని తప్పుపట్టలేకపోయాను. నన్ను నేను తప్పుపట్టుకుందామన్నా, ఏ తప్పు చేశానో తేల్చుకోలేకపోయాను.

మా బావ, అంటే అక్క భర్త, లిఫ్టులు మరమ్మతు చేస్తాడు. నేను కళాశాలలో తర్కశాస్త్రం చెబుతాను. మా ఇద్దరివీ ఒకే రకం మోటారు సైకిళ్ళు. దూరప్రయాణాల కోసం చేసినవి: వెడల్పాటి సీటు, వెనక రెండు పక్కలా పెట్టెలు, ఛాతీకి గాలి కొట్టకుండా ముందొక అద్దం. ఒకే దుకాణంలో ఒకేరోజు కొన్నాం. రంగు కూడా ఒకటే కావడంతో ఒకరి తాళంతో మరొకరి బండి దగ్గర కుస్తీ పట్టిన సందర్భాలూ ఉన్నాయి. సెలవు దొరికితే రోడ్డెక్కేవాళ్ళం. "రోజంతా పైకీ కిందికీ పోయేవాణ్ణి. ఆదివారమైనా ముందుకు పోనీవే" అని బావ అక్కను బతిమాలేవాడు. అక్క ఒకే ఒక్క షరతు పెట్టింది.

"వాడు ఏదో ఆలోచిస్తూ నడుపుతాడు. వాణ్ణి ముందుంచి మీరు వెనకుండండి. మీ కళ్ళముందు ఉంటే నాకు బెంగ ఉండదు."

అప్పటినుంచీ నేను ముందు, బావ వెనక. నా కుడి అద్దంలో బావ హెడ్‌లైటు ఎప్పుడూ ఒకే పరిమాణంలో కనిపించేది. దాన్ని ప్రత్యేకంగా చూసేవాణ్ణి కాను. గదిలో గడియారం ఉన్నట్టు అది అక్కడ ఉండేది.

ఇబ్బంది ఒక్కటే. ఖాళీ రోడ్డు మీద ఐదో గేరులో ఇంజను అరిచేది. మా బండ్లకు ఐదే గేర్లు. ఇంకొకటి ఉంటుందేమోనని నా ఎడమ పాదం ఊరికే పైకి తన్నేది. ఆ అదురుకు అరచేతులు తిమ్మిరెక్కి, భోజనానికి ఆగినచోట గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ వాడవలసి వచ్చేది. బావకూ అదే తిమ్మిరి. ఆయన చేతులు విదిలించుకుని ఊరుకునేవాడు.

"ఆరు గేర్ల సెట్టు దొరుకుతుందట బావా. ఇద్దరం వేయిద్దాం" అన్నాను.

"చేతులు తిమ్మిరెక్కితే బండికి ఆపరేషనా? రేపు నీకు నడుం నొప్పొస్తే రోడ్డు మార్పిస్తావా?"

"నీకు ఇబ్బందిగా లేదూ?"

"ఉంది. ఉంటే ఏమైంది? నాకది అలవాటైన ఇబ్బంది. నువ్వు వేయించుకో, నిన్నెవరు కాదన్నారు?"

మా మెకానిక్‌ను అందరూ రేపుగారు అంటారు. ఏ బండి ఎప్పుడు తయారవుతుందని అడిగినా ఆయన చెప్పే జవాబు అదొక్కటే. ఎదురుగా అలా పిలిచినా పలుకుతాడు. బండి అప్పగించి, కొన్నాళ్ళకు చూడటానికి వెళ్ళేసరికి నా ఇంజను బల్ల మీద రెండు చెక్కలై ఉంది. పాత పళ్ళచక్రాలు నూనె పీల్చిన అట్టముక్క మీద వరసగా ఉన్నాయి. కొత్త సెట్టు వాటి పక్కనే మెరుస్తోంది. గేర్‌పెట్టె పాతదే కాబట్టి, ఒక్కొక్క చక్రాన్నీ కొంచెం పలచన చేసి ఆరో జతకు చోటు కల్పించారు.

"మొదటి ఐదూ మారతాయా?" అని అడిగాను.

"మారవు సార్. అవే కొలతలు, అవే పళ్ళ లెక్క. పైన ఒకటి ఎక్కువ, అంతే. ఐదుగురు కూర్చున్న సీట్లో ఆరోవాడు సర్దుకున్నాడనుకోండి."

"అప్పుడు ఆ ఐదుగురికీ ఇరుకు కాదా?"

రేపుగారు చేతిలోని గుడ్డను భుజాన వేసుకుని నన్ను తేరిపార చూశాడు. "పాఠం చెప్పేటప్పుడు కూడా ఇలాగే అడుగుతారా సార్? పాపం పిల్లలు."

బండి, చాలా రేపులు గడిచాక, చేతికి వచ్చింది.

మొదటిసారి ఆరో గేరు పడినప్పుడు కలిగిన సుఖాన్ని దాచుకోను. ఇంజను గొంతు ఒక్కసారిగా దిగింది. అదురు తగ్గి, హ్యాండిలు చేతుల్లో వట్టి వస్తువుగా మిగిలింది. నేను వేగాన్ని మీటరు ముల్లు చూసి నడిపేవాణ్ణి కాను. ఇన్నేళ్ళూ ఇంజను మోతే నాకు కొలత. ఆ మోత నెమ్మదిగా ఉంది కాబట్టి నేనూ నెమ్మదిగానే పోతున్నానని నమ్మాను. ఒక వంతెన దాటాక దేనికో అద్దంలోకి చూస్తే, రోడ్డు తప్ప ఇంకేమీ లేదు.

ఆగాను. చాలాసేపటికి బావ వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే మొదలుపెట్టాడు.

"ఏరా, మా అక్కచెల్లెళ్ళెవరైనా ముందు ఊళ్ళో నీకోసం పెళ్ళిచూపులకు కూర్చున్నారా? అంత తొందరేమిటి?"

"తొందరపడలేదు బావా. ఎప్పటిలాగే వచ్చాను."

"ఎప్పటిలాగే వస్తే నేనెందుకు వెనకబడ్డాను?"

ముల్లు చూడకపోవడం నా పొరపాటేనని ఒప్పుకున్నాను. అప్పటికది సరిపోయింది.

తర్వాతి ప్రయాణంలో జాగ్రత్తపడ్డాను. బావ బండికి హాయిగా ఉండే వేగంలో ఆరో గేరు వేస్తే నా ఇంజను మూలిగింది. గొంతుకు ఏదో అడ్డుపడిన మనిషిలా ఎగిరెగిరి పడింది. ఆ గేరుకు ఆ వేగం చాలదు. సరేనని ఐదులోకి దించాను. ఐదో గేరు మునుపటి ఐదో గేరే. మోత అదే, వేగం అదే, తిమ్మిరి కూడా అదే. అద్దంలో బావ తన పాత పరిమాణంలో ఉన్నాడు. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.

నాకు మాత్రం ఎప్పటిలా లేదు.

ఉన్నదానికి ఒకటి చేరితే ఉన్నది తరగదు. తరగతి గదిలో నల్లబల్ల మీద రాసి ఈ మాటను నేను నిరూపించగలను. ఆ రోజు రోడ్డంతా దాన్ని నిరూపించుకుంటూనే పోయాను. కానీ మునుపు ఐదోది చివరి గేరు. ఆ అరుపు, ఆ అదురు బండివి. భరించడం తప్ప నేను చేయగలిగింది లేదు, కాబట్టి భరిస్తున్నానన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు అదే తిమ్మిరిని నేను కోరి భరిస్తున్నాను. ఎవరికోసం? అద్దంలో ఉన్న మనిషికోసం. ఆ మనిషి నన్నేమీ అడగలేదు. అయినా మలుపు మలుపుకూ ఆయన మీద ఏదో సన్నని కోపం పుడుతోంది. పుట్టగానే సిగ్గు వేస్తోంది. నిజంగా చేతులకోసమే ఆ గేరు వేయించానా, లేక ఇన్నేళ్ళుగా అద్దంలోంచి పోని ఆ దీపాన్ని వదిలించుకోవాలని నాలో ఎవరికైనా ఉందా? ఎంత తరచి చూసినా, రెండోది అబద్ధమని రుజువు కాలేదు. నిజమనీ కాలేదు.

ఇంతలో అద్దంలోని వెలుగు పెద్దదైంది. బావ దగ్గరికి వచ్చేస్తున్నాడు. ఆయన ఇంజను అంతలా అరవడం నేనెన్నడూ వినలేదు. నన్ను దాటి, ఎడమచేత్తో వేగంగా రమ్మని సైగ చేస్తూ, ఇంకా వేగం పెంచాడు. ఆ వేగంలో నా ఆరో గేరు పట్టుతో చేసినట్టుంది. ఆయన బండి మాత్రం పెట్టెలతో సహా గడగడలాడుతోంది.

కాఫీ దుకాణం ముందు దిగినప్పుడు బావ వేళ్ళు హ్యాండిలు పట్టుకున్న ఆకారంలోనే బిగుసుకుపోయి ఉన్నాయి. కప్పు నేనే అందించాను.

"అంత తొక్కడం ఎందుకు బావా?"

"నువ్వెందుకురా ఐదులో ఏడుస్తూ పోతున్నావు?"

"ఏడవలేదే."

"నీ వీపు చూస్తూ ఇన్నేళ్ళు నడిపాను. నీ మొహంకంటే నాకు అదే బాగా తెలుసు." వేళ్ళను ఒక్కొక్కటిగా సాగదీసుకున్నాడు. "నాకోసం నువ్వు తగ్గడం, నీకోసం నేను రెచ్చిపోవడం. దీన్ని ప్రయాణం అంటారా? మనం అనుకున్న కొండల దారికి నువ్వు ఒక్కడివే పో. నేను మీ అక్కతో ఇంట్లో కూర్చుంటాను. ఆవిడ ఒప్పుకుంటే."

నవ్వుతూనే అన్నాడు. కానీ తిరుగు ప్రయాణంలో ఎక్కడా ఆగుదామనలేదు.

నేను రేపుగారి దగ్గరికి వెళ్ళి, ఆరో గేరు పడకుండా ఏదైనా చేయగలరా అని అడిగాను. ఆయన పనిలోంచి తల ఎత్తలేదు.

"వద్దనుకుంటే వెయ్యకండి సార్. అది తనంతట తాను పడదు కదా."

సరైన మాటే. నేను ఇంతకుముందే అనుకుని, ఏ ఫలితమూ పొందని మాట.

వారం తర్వాత అక్క ఫోను చేసింది. "ఒరేయ్, మీ బావ బండి చూడటానికి ఎవరో వచ్చి వెళ్ళారు. అమ్మేస్తారట. మీరిద్దరూ పోట్లాడుకున్నారా?"

"లేదక్కా."

"పోట్లాడుకోకపోతే ఇంకా భయం. దెబ్బలాడుకుంటే కలిసిపోతారని ఊరుకునేదాన్ని."

ఆ సాయంత్రమే వెళ్ళాను. బావ వంటింటి బల్ల ముందు కూర్చుని, ఏదో లిఫ్టుది, పాడైన మీట విప్పుతున్నాడు. అమ్మవద్దని బతిమాలాలని వెళ్ళాను. ఎందుకు అమ్మవద్దో చెప్పడానికి నోరు తెరిస్తే, నోటికి వచ్చింది వేరే మాట.

"ఒక్కసారి నా బండి నువ్వు నడుపు. నీది నేను నడుపుతాను. అప్పుడూ అమ్మాలనిపిస్తే అమ్ము."

"దానివల్ల ఏం తేలుతుంది?"

"తెలీదు."

"తర్కం చెప్పేవాడి మాటేనా ఇది?" అన్నాడు. అక్క పొయ్యి దగ్గరనుంచే, "వెళ్ళి రండి. ఇంట్లో కూర్చుని మొహాలు చూపించకండి నాకు" అంది.

తెల్లవారాక బయలుదేరాం. బండ్లు మారాయి. ఎవరు ముందు వెళ్ళాలన్నది మాత్రం ఇద్దరం ఆలోచించలేదు. ఆరు గేర్లున్న బండి ఊరి పొలిమేర దాటగానే ముందుకు పోయింది. దాని మీద ఉన్నది బావ. మొదటిసారిగా ఆయన వీపు చూశాను. భుజాలు ఇంత గుండ్రంగా ఉంటాయని నాకు తెలియదు. ముందు పోయే అలవాటు లేక, అద్దాన్ని నమ్మక, తలతిప్పి చూస్తున్నాడు. చూసిన ప్రతిసారీ బండి కొంచెం తూలుతోంది. తర్వాత తల తిప్పడం తగ్గింది. ఆ తర్వాత ఆ వీపు చుక్కైంది. ఒక మలుపు తిరిగి లేకుండా పోయింది.

నేను బావ బండి మీద, బావ తిమ్మిరితో, ఉన్నదంతా పిండుతూ వెళ్ళాను. నా పాదం, లేని గేరుకోసం పైకి తన్నుతూనే ఉంది. వదిలేసిపోయాడన్న కోపం ముందు వచ్చింది. ఆ వెంటనే, ఆయన అలా హాయిగా పోగలిగాడన్న సంతోషం. రెండూ ఒకేచోట ఎలా ఇమిడాయో తెలియదు.

ఒక మైలురాయి దగ్గర బావ, బండి ఆపి, దాని పక్కన నిలబడి ఉన్నాడు. హెల్మెట్ చేతిలో ఉంది. ముఖం పాలిపోయింది.

"నేను వేగం పెంచలేదురా" అన్నాడు, నేను ఇంజను ఆపకముందే. "ఒట్టు. మోత మామూలుగానే ఉంది. చూస్తే నువ్వు లేవు. పడిపోయావేమో అనుకున్నాను. వెనక్కి వద్దామంటే, నువ్వు ఈలోపు దాటిపోతావేమోనని భయం. ఏం చెయ్యాలో తోచక ఇక్కడే నిలబడ్డాను."

"నీ తప్పు కాదు బావా."

"మరి ఎవరిది?"

ఇద్దరం మైలురాయి పక్కన కూర్చున్నాం. బావ అరచేతులు తెరిచి చూసుకున్నాడు. తిమ్మిరి లేదు. దాన్ని ఎలా తీసుకోవాలో తెలియనట్టు కాసేపు వాటినే చూశాడు.

"బాగుందిరా నీ బండి. చాలా బాగుంది. నాకు వద్దు."

"వేయించుకోవద్దులే. మరి నీది అమ్ముతావా?"

"అమ్మను."

"ఎందుకని?"

"అడక్కు. చెప్పగలిగితే చెప్పేవాణ్ణి. నా తాళం ఇటివ్వు."

తాళాలు మార్చుకున్నాం. ఆయన తన సీటులో కూర్చుని, రెండు మూడుసార్లు సర్దుకున్నాడు.

"నువ్వు ముందు పోరా."

"వద్దు బావా. ముందు నువ్వుండు. నీ వేగం చూసుకుని నేను వస్తాను."

"నీకు నేను అడ్డమా? మీ అక్క నిన్ను చూసుకోమంది."

"వెనకనుంచి చూసుకున్నది చాలు."

"చాలదు. పో."

ఎవరూ ముందు కదల్లేదు. చివరికి ఇద్దరం ఒకేసారి కదిలాం. రోడ్డు ఖాళీగా ఉండటంతో పక్కపక్కనే సాగాం. ఏ గేరులో ఉన్నానో ఆ కాసేపు గమనించలేదు. ఎదురుగా లారీ వచ్చింది. ఒకరు వెనక్కి తగ్గి తీరాలి. నేను తగ్గాను. అదే క్షణంలో బావ కూడా తగ్గాడు. మళ్ళీ ఇద్దరం పక్కపక్కనే మిగిలాం. లారీ హారన్ మోగుతూనే ఉంది. "పోరా!" అని బావ అరిచాడు. "నువ్వు పో బావా!" అని నేను అరిచాను. ఇద్దరమూ బ్రేకులు తొక్కి, రోడ్డు అంచున మట్టిలోకి దిగి ఆగిపోయాం.

లారీ డ్రైవరు మమ్మల్ని దాటుతూ ఏదో తిట్టాడు. దుమ్ములో సరిగ్గా వినపడలేదు. బావ హెల్మెట్ లోపల నవ్వుతున్నాడో, నన్ను తిడుతున్నాడో నాకు కనిపించలేదు. దుమ్ము అణిగాక, నేను ఆయన వైపు, ఆయన నా వైపు చూశాం. ఎవరు ముందు కదలాలో తేలక ఇంకాసేపు అలాగే నిలబడ్డాం.