సొంత పేరు మీద ఒక్క సర్టిఫికెట్టు

ఆ ఆఫీసు మొత్తంలో నాయకత్వం గురించి క్షుణ్ణంగా తెలిసినవాడు హెడ్ గుమాస్తా ఒక్కడే. ఎందుకు తెలియదు మరి? పదేళ్ళలో ఏడు శిక్షణ శిబిరాలకి వెళ్ళొచ్చాడు. కిందివాళ్ళతో పని ఎలా చేయించాలి, మండిపడుతూ వచ్చిన జనాన్ని ఎలా చల్లబరచాలి, తప్పు జరిగితే ఎలా ఒప్పుకోవాలి, అన్నీ కంఠతా వచ్చు. కాకపోతే ఆ ఏడు సర్టిఫికెట్లూ పెద్దసారు పేరు మీద ఉన్నాయి.

శిక్షణకి పిలుపొచ్చేది పెద్దసారుకే. ఆయనేమో, "మూడు రోజులు బల్ల మీద కూర్చుని పాఠాలు వినడం నా వల్ల కాదయ్యా. నువ్వెళ్ళి నా పేరున సంతకం పెట్టేసి రా. అక్కడ మనల్నెరిగినవాళ్ళు ఎవరున్నారు?" అనేవాడు. గుమాస్తా వెళ్ళేవాడు. ఊరికే వెళ్ళొచ్చినా సరిపోయేది. బుద్ధి గడ్డి తిని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాడు. రెండుసార్లు ఉత్తమ నాయకుడని బహుమతి కూడా కొట్టుకొచ్చాడు. అవి చూసి పైవాళ్ళు మురిసిపోయి పెద్దసారుకి రెండు ప్రమోషన్లిచ్చారు. గుమాస్తాకి దక్కింది తర్వాతి శిబిరం ఉత్తరం.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా గుమాస్తాకి సూపరింటెండెంటు పదవి గుమ్మం దాకా వచ్చింది. అన్ని అర్హతలూ ఉన్నాయి. తక్కువైంది ఒక్కటే, సొంత పేరు మీద శిక్షణ సర్టిఫికెట్టు. నెలాఖరులోగా అది పెట్టకపోతే పదవి ఇంకొకరికి పోతుంది.

"ఇరవై ఆరేళ్ళు గొడ్డుచాకిరీ చేశారు," అంది భార్య, ఇస్త్రీ చేసిన చొక్కా చేతికిస్తూ. "ఈ మూడు రోజులూ మీకోసం వెళ్ళిరండి."

ఆ మాటకి గుమాస్తా గుండె నిండిపోయింది. కొత్త పెళ్ళికొడుకులా తయారై బయల్దేరాడు.

శిక్షణ కేంద్రం గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే ట్రైనింగు మాస్టారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "సార్! అంత పెద్ద పదవిలో ఉండి కూడా మళ్ళీ నేర్చుకోవడానికి వచ్చారా!"

"నేను హెడ్ గుమాస్తానండీ. జాబితాలో నా పేరుంది, చూడండి."

మాస్టారు జాబితా చూశాడు, మనిషిని చూశాడు, గోడ మీది ఫోటో చూశాడు. అందులో బహుమతి పట్టుకుని ఇకిలిస్తున్నది మన గుమాస్తాయే. కింద రాసిన పేరు పెద్దసారుది.

"అర్థమైంది సార్! మీ గుమాస్తాకి పనెక్కువైతే, ఆయన బదులు మీరొచ్చారు. కిందివాళ్ళని ఇంతలా చూసుకునే ఆఫీసరు ఎక్కడుంటాడండీ! రండి, కూర్చోండి. సర్టిఫికెట్టు మాత్రం అడగకండి. ఒకరి బదులు ఒకరొస్తే ఇవ్వకూడదు. మీకు తెలియనిదేముంది?"

ఏడుసార్లు దొంగగా వస్తే నెత్తిన పెట్టుకున్నారు, ఒక్కసారి నిజంగా వస్తే దొంగని చేశారు. ఇదెక్కడి గోలరా దేవుడా!

గుమాస్తా గబగబా గుర్తింపు కార్డు తీసి చూపించాడు. ఉద్యోగంలో చేరిననాటి ఫోటో, తలనిండా ఉంగరాల జుట్టు.

"మీ గుమాస్తా మంచి అందగాడే సార్," అన్నాడు మాస్టారు.

పోనీ ఉన్నదున్నట్టు చెప్పేద్దామా అంటే, రిజిస్టరులో ఆ దొంగ సంతకాలన్నీ తన చేతివే. పదవి దేవుడెరుగు, ఉద్యోగానికే ఎసరు. కక్కలేక మింగలేక రెండు రోజులు పాఠాలు విన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక, "మా ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి," అన్నాడు. మాస్టారు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"ఆఫీసర్ని మాట్లాడుతున్నా," అంది పెద్దసారు గొంతు. "అక్కడున్నది మా గుమాస్తాయే. సర్టిఫికెట్టిచ్చి పంపండి."

మాస్టారు ఠక్కున ఫోన్ పెట్టేశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్! మీ కుర్చీలో ఎవడో కూర్చుని మీ పేరు చెప్పుకుంటున్నాడు!"

"అవునండీ," అన్నాడు గుమాస్తా. ఒళ్ళు మండిపోయి ఉన్నాడు మరి. "పదేళ్ళ నుంచీ."

మాస్టారు అది వేళాకోళమనుకుని పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి మెత్తబడ్డాడు. "మీ మంచితనం చూసి ఒక దారి చెప్తాను సార్. మీ గుమాస్తా స్వయంగా వచ్చాడని ఆఫీసరు హోదాలో మీరు రాసివ్వండి. సంతకం మా రిజిస్టరులో ఉన్నదానితో కలిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

గుమాస్తా కలం తీశాడు. లేచి వెళ్ళిపోదామనిపించింది. అయినా రాశాడు. 'మా హెడ్ గుమాస్తా మూడు రోజులూ స్వయంగా హాజరయ్యాడని ధ్రువీకరిస్తున్నాను.' ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత నిజమైన వాక్యం ఏ ఫైలులోనూ రాసి ఎరగడు. కింద పెద్దసారు సంతకం పెట్టాడు.

మాస్టారు రిజిస్టరు తెచ్చి పక్కపక్కన పెట్టి చూశాడు. "అచ్చు గుద్దినట్టుంది!" అని, సర్టిఫికెట్టు మీద గుమాస్తా పేరు గుండ్రంగా రాసిచ్చాడు.

గుమాస్తా ఆ పేరుని రెండుసార్లు చదువుకున్నాడు. సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది.

"అదృష్టవంతుడు సార్ మీ గుమాస్తా," అన్నాడు మాస్టారు. "ఎప్పుడైనా ఒక్కసారి పంపించండి, ఆ మనిషిని చూడాలనుంది."

"పంపిస్తానండీ," అన్నాడు గుమాస్తా, కళ్ళు తుడుచుకుంటూ. "దొరికితే."