గుడ్లగూబ కన్ను

ఆసుపత్రి ల్యాబులో పెద్దాయన్ని చాటున గుడ్లగూబ అనేవారు. రెప్ప వెయ్యకుండా చూస్తాడని కొందరు, పొద్దున్నే ఆ ముఖం చూస్తే పని చెడుతుందని కొందరు. ఆ మాట ఆయన చెవినా పడింది. మైక్రోస్కోపు ముందు కూర్చునేవాడికి అంతకంటే మంచి పేరేముంటుందని ఊరుకున్నాడు.

ఆయన దగ్గర ఒక మాట నిషేధం: "లేదు." భార్య కడుపులోంచి తీసిన ముక్కను చూసి ఒక పెద్ద డాక్టరు "ఏమీ లేదు" అని రాశాడు. ఏడాది తిరక్కుండా ఆమె పోయింది. ఆ డాక్టరు ఇంటికొచ్చి చేతులు పట్టుకోబోతే ఈయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇప్పటికీ క్షమించలేదు. తన కింద పనిచేసేవాళ్ళు "నాకు కనబడలేదు" అని రాయాలి. కోడలైనా సరే.

కోడలు అక్కడే డాక్టరు. ఇంట్లో ఆయన మామయ్యగారు, ల్యాబులో సార్.

ఆ ఉదయం వచ్చిన కేసు ఒక దర్జీది. పెద్దపేగు నిండా పుండ్లు. జబ్బు పాతదే, కాని ఈసారి స్టెరాయిడ్ సూదులు వేసినా రక్తం ఆగలేదు. జబ్బు ముదిరిందా, పుండులో వైరస్ చేరిందా? ముదిరితే పేగు తీసేసి పొట్టకు సంచి తగిలించాలి. వైరసైతే స్టెరాయిడ్ తగ్గించి, వైరస్ మందు ఎక్కించాలి. పేగు దక్కుతుంది. సర్జన్ తొందరపెట్టాడు. పుండ్లలోంచి తీసిన ముక్కల స్లయిడ్లు పెద్దాయన చూసి "వైరస్ లేదు" అని సంతకం పెట్టాడు. ఆపరేషన్ మర్నాటికి ఖాయమైంది.

సాయంత్రం కోడలు స్లయిడ్ల ట్రేతో వచ్చింది.

"సార్, దర్జీ కేసు ఇంకోసారి చూస్తారా?"

"చూశాను, పంపాను. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు?"

"పెళ్ళి రేపు కదండీ."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది.

"ముక్కలన్నీ పుండు అంచువే సార్. అడుగున తీసింది ఒక్కటే."

"అది ఉత్త చీము. అందులో ఏం వెతుకుతావు?"

"పైన చీమే. అందుకే ఆ ముక్కనే ఇంకా లోతుకి కోయించాను."

"ఎవర్నడిగి?"

"అడిగితే తిడతారని అడగలేదు."

అక్కడి మైక్రోస్కోపుకు రెండు తలలు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకే స్లయిడు చూడొచ్చు. కదిపే చెయ్యి మాత్రం ఎప్పుడూ ఆయనదే. ఈసారి ఆమె చెయ్యి ముందు పడింది. నోటితో చెప్పకు, చూపించు అని నేర్పింది ఆయనే. ఆమె స్లయిడును కదిపింది. చీమును దాటించి, సన్నని రక్తనాళం గోడ దగ్గర ఆపింది.

అక్కడొక కణం ఉబ్బి ఉంది. నడుమ ముదురు ఉండ, దాని చుట్టూ తెల్లని వలయం. వైరస్ దూరిన కణం. ఈ విద్యలో దాన్ని గుడ్లగూబ కన్ను అంటారు. అది ఆయన్నే చూస్తున్నట్టుంది.

"ఒక్క కణాన్ని నమ్మి కత్తి ఆపమంటావా?"

"నమ్మలేదు మామయ్యగారూ." ల్యాబులో ఆమె ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. ఇంకో స్లయిడు పెట్టింది. దానికి వైరస్‌కే పట్టే రంగు ముందే వేయించింది. గోధుమరంగు కణాలు గుంపుగా కనిపించాయి.

ఆయన ఫోను తీశాడు.

"ఆపరేషన్ ఆపు. వైరస్ ఉంది."

"పొద్దున లేదన్నారుగా సార్?" అన్నాడు సర్జన్.

"అన్నాను. తప్పు."

"పోనీండి సార్, ఎంతటివాళ్ళకైనా..."

"పోనివ్వకు. కొత్త రిపోర్టు వస్తుంది. పాతది చించావంటే ఊరుకోను. రెండూ పక్కపక్కనే ఉండాలి. కొత్తదాని మీద సంతకం నా కోడలిది."

"మీ తప్పు పట్టేంత దమ్మా సార్ ఆవిడకి?"

"నేను నేర్పిన పిల్లయ్యా! నన్నెందుకు వదులుతుంది?"

కోడలు తల వంచుకుని స్లయిడ్లు సర్దింది. నవ్వు దాచుకోవడానికి ఆ ట్రే చాలలేదు.

వైరస్ మందుతో రక్తం తగ్గుతూ వచ్చి ఆగింది. దర్జీ తన పేగుతోనే లేచి తిరిగాడు. ఇంటికి పోయేముందు ల్యాబు వెతుక్కుంటూ వచ్చి, పెద్దాయన చేతులు పట్టుకోబోయాడు.

"నన్ను నిలబెట్టారు బాబూ!"

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"లేదని రాసింది నేను. ఉందని పట్టింది అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చున్నావిడ. వెళ్ళి ఆమెకు చెప్పు. కొంచెం గట్టిగా చెప్పు, అందరికీ వినబడాలి."