మిట్టమధ్యాహ్నపు పరుగు

ఆ అమ్మాయికి తెల్లవారుజామున బేకరీలో పిండి కలపడంతో మొదలైన పని ముగిసేసరికి ఎండ నడినెత్తికెక్కేది. అగ్నిమాపక దళంలో ఉద్యోగానికి పరుగు పరీక్ష దగ్గర పడుతోంది. అందుకని ఇంటికి పోకుండా ఆ మండుటెండలోనే కాలువగట్టు మీద పరుగెత్తేది. వెనకాలే వదిన నీళ్ల సీసాతో స్కూటర్ మీద వచ్చేది. వదినది అదే బేకరీలో సాయంత్రం కౌంటర్ పని, ఆ వేళ ఇంట్లో వంట ఆ అమ్మాయిదే.

ఆ రోజు వంతెన దాకా వెళ్లకుండానే ఆమెకు కళ్లు బైర్లు కమ్మాయి. మూసి ఉన్న కొట్టు అరుగు మీద కూలబడిపోయింది. వదిన గబగబా వచ్చి తల మీద నీళ్లు పోసి, చున్నీతో విసిరింది.

"నా వల్ల కాదు వదినా. పొయ్యి దగ్గర వేగింది చాలక మళ్లీ ఇక్కడ వేగాలా? ఈ ఉద్యోగం నాకు రాసిపెట్టి లేదేమో."

"అదంతా తర్వాత చూద్దాం, ముందు నీళ్లు తాగు" అంది వదిన. సీసా చేతికిచ్చి, "రేపట్నుంచి పొద్దున పిండి నేను కలుపుతా. నువ్వు చల్లటి వేళ పరుగెత్తి, సాయంత్రం నా కౌంటర్ చూసుకో. యజమానితో నేను మాట్లాడతాలే" అంది.

"నువ్వా? మా అన్నయ్య లేపినా పొద్దెక్కేదాకా లేవవు కదా!"

"లేస్తాను. మీ అన్నయ్యకి కూడా ఇవ్వని మాట నీకిస్తున్నా."

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. స్కూటరెక్కి, వదిన వీపు మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.